కరెంటు కోత కబురు ముందురోజే వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో ఒక మూల, ఫలానా ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి కాలనీలకు కరెంటు తెచ్చే లైను) పరిధిలో నేడు కరెంటు ఉండదని నాలుగు వరుసలు వేస్తుంటారు. చాలామంది దాన్ని చూడకుండానే పేజీ తిప్పేస్తారు. కానీ భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లి, కుక్కనో పిల్లినో ఇంట్లో పెట్టి తాళం వేసుకునే ఇళ్లకు వేసవిలో పేపరు మొత్తంలో అంతకు మించిన వార్త లేదు. ఆ నాలుగు వరుసల కోసమే ఈ ఉత్తరం. దాంతోపాటు మిషన్లూ మూగజీవాలూ కలిసి ఉండే ఇళ్లలో ఎక్కడ తేడా వస్తుందో కూడా రాస్తున్నాం. మాలో ఒకరిది పశువైద్యం, మరొకరిది ఇళ్ల వైరింగ్ పని.

ఏసీతో మొదలుపెడతాం. కుక్క కోసం ఏసీ 26లో పెట్టి, చల్లదనం పోకూడదని కిటికీలు బిగించి, కెమెరా ఆన్ చేసి తొమ్మిదింటికి ఇద్దరూ బయల్దేరతారు. లైన్ల మీదికి వాలిన కొమ్మలు నరకాలని తొమ్మిదిన్నరకు కరెంటు తీస్తారు. ఏసీ ఆగుతుంది. కిటికీలన్నీ మూసి ఉన్న గది, అందులోనూ పై అంతస్తులో పడమటి గోడ తగిలే గది, మధ్యాహ్నానికి కొలిమిలా మారుతుంది. స్లాబు పీల్చుకున్న వేడి సాయంత్రం ఆరు దాటినా కిందికి దిగుతూనే ఉంటుంది. ఒంటిగంటకు కరెంటు వచ్చినా కొన్ని ఏసీలు వాటంతటవి మొదలుకావు. ఆటో రీస్టార్ట్ అనే సౌకర్యం ఉండాలి, కొన్ని మోడళ్లలో దాన్ని మనమే రిమోట్‌తో సెట్ చేసుకోవాలి. మీ ఏసీ సంగతి తెలుసుకోవడం తేలిక. ఏసీ నడుస్తుండగా దాని ఎంసీబీ, అంటే మీటర్ బోర్డులో లోడు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్, దించండి. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ఎత్తండి. స్టెబిలైజర్ సుమారు మూడు నిమిషాలు ఆలస్యం చేస్తుంది, కంగారు పడొద్దు. పది నిమిషాలైనా చల్లగాలి రాకపోతే ఆ ఏసీని నమ్మి ఏ ప్రాణినీ గదిలో వదలకూడదు.

ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటారు. ఇళ్లలో ఎక్కువగా ఉండే 150 ఆంపియర్-అవర్ల, 12 వోల్టుల బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. ఇన్వర్టర్‌లో పోయేది పోగా, బ్యాటరీని అడుగంటా వాడకూడదు కాబట్టి, రెండు మూడేళ్లు వాడిన బ్యాటరీ నుంచి ఒక యూనిట్, అంటే 1000 వాట్-అవర్లు వస్తాయని లెక్కేసుకోవడం మంచిది. టన్నున్నర ఏసీ ఒక్కటే 1500 వాట్ల దగ్గర లాగుతుంది. మామూలు ఇన్వర్టర్ దాన్ని మోయలేదు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, రౌటర్ 10, కెమెరా 5 కలిపితే 90. ఆ లెక్కన పదకొండు గంటలు వస్తుంది. ఫ్యాను మార్చి తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే దాదాపు రెట్టింపు. అయితే కుక్క ఉండే గది ఫ్యానూ, రౌటర్ సాకెట్టూ ఇన్వర్టర్ లైనులో ఉన్నాయో లేదో ముందు చూడాలి. చాలా ఇళ్లలో రౌటర్ టీవీ పక్కన మామూలు లైను మీద ఉంటుంది. కరెంటు పోగానే వైఫై పోతుంది, కెమెరా గుడ్డిదవుతుంది. సరిగ్గా అవసరమైన వేళకే అది పనికిరాదు.

ఫ్యాను తిరుగుతోంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, గాలి తగిలితే ఆరి చల్లబడుతుంది. కుక్కకు చెప్పుకోదగ్గ చెమట పాదాల్లోనే, మిగతా వేడంతా రొప్పడం ద్వారానే పోవాలి. గది గాలే వేడెక్కి, తేమ కూడా తోడైతే ఎంత రొప్పినా లాభం లేదు. కోస్తా జిల్లాల్లో ఉక్కపోత రోజులు ఇందుకే మరీ ప్రమాదం. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులు ముందు పడిపోతాయి. అందువల్ల కుక్కను ఒక్క గదిలో బంధించకండి. కింది అంతస్తులోనో ఉత్తరం వైపో ఉన్న గది ఇవ్వండి. గ్రిల్లూ దోమల జాలీ ఉన్న కిటికీలు ఎదురెదురుగా రెండు కొంచెం తెరిచి ఉంచండి. ఏసీ చల్లదనం కాస్త పోతే పోనివ్వండి. బాత్‌రూమ్ తలుపు తీసి ఉంచితే టైల్స్ మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. నీళ్లు కిలో బరువుకు రోజుకు 50, 60 మిల్లీలీటర్లన్నది మామూలు లెక్క, ఎండాకాలం ఇంకా ఎక్కువ కావాలి. పది కిలోల కుక్కకు లీటరు పట్టే మట్టి తొట్లు రెండు, రెండు చోట్ల పెట్టండి. ఒకటి తన్నేసినా ఇంకొకటి ఉంటుంది. మోటారుతో నీళ్లు చిమ్మే ఫౌంటెన్ గిన్నెలు కరెంటు పోతే ఆగిపోతాయి, అవి ఉన్నా ఈ తొట్లు ఉండాల్సిందే.

వడదెబ్బ గుర్తులు తెలిసి ఉండాలి. ఆగకుండా రొప్పు, జిగటగా తీగలు సాగే చొంగ, ఎర్రబారిన చిగుళ్లు, తూలడం, వాంతి. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. వడదెబ్బలో 104 దాటిపోతుంది. డిజిటల్ థర్మామీటర్ ఒకటి దానికోసమే విడిగా ఉంచుకుని, కొనకు కాస్త వేజలీన్ రాసి మలద్వారంలో పెట్టి చూడాలి. మామూలు కుళాయి నీళ్లు పొట్ట మీద, చంకల్లో, తొడల మధ్య పోస్తూ ఫ్యాను గాలి తగిలించండి. ఐసు నీళ్లు వద్దు. తడి తువ్వాలు కప్పి అలాగే వదిలేయొద్దు, కాసేపటికి అదే వేడెక్కి దుప్పటిలా లోపలి వేడిని ఆపేస్తుంది. 103.5కు దిగగానే నీళ్లు పోయడం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేచి తిరుగుతోంది కదా అని ఇంట్లో ఉంచొద్దు. మూత్రపిండాలు దెబ్బతిన్నా, రక్తం గడ్డకట్టడంలో తేడా వచ్చినా అది ఒకటి రెండు రోజులకు గానీ బయటపడదు. ఒళ్లు కాలుతోందని పారాసెటమాల్ అసలే వేయకండి. ఇది జ్వరం కాదు, ఆ మాత్రతో దిగదు. పిల్లికైతే 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటే ప్రాణం తీయగలదు.

కెమెరా గురించి ఒక మాట. కుక్క రొప్పుతున్నట్టు అది చూపిస్తుంది, తలుపు తీయదు. అలర్ట్ ఇద్దరి ఫోన్లకూ వస్తుంది. ఆవిడ చూసే ఉంటుందని ఆయన, ఆయన చూసే ఉంటాడని ఆవిడ అనుకుంటారు. సోమ, బుధ, శుక్ర ఒకరు, మిగతా రోజులు ఇంకొకరు అని పేరు పెట్టి పంచుకోవాలి. పావుగంటలో ఇంటికి చేరలేని దూరంలో ఇద్దరి ఆఫీసులూ ఉంటే, తాళం చెవి పక్కింట్లో ఇచ్చి వెళ్లాలి. ఆ పక్కింటివాళ్లకు కుక్క ముందే అలవాటై ఉండాలి, కొత్తవాళ్లు తలుపు తీస్తే మీద పడుతుంది.

ఇక కరెంటు ఉన్నప్పటి ప్రమాదాలు. ఎండాకాలం మన ఇళ్లలో రేకు బాడీ కూలర్లు వాడతారు. లోపల పంపు, కింద నీళ్లు, బయట ఇనుము, చాలాచోట్ల ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గు. కారే నీళ్లను కుక్క నాకుతుంది, తడి గచ్చు మీద నిలబడి తడి ముక్కు ఆ రేకుకు ఆనిస్తుంది. బోర్డులో ఎంసీబీ ఉంది కదా అంటారు. ఎంసీబీ కాపాడేది వైరును. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి లాగితేనే పడుతుంది. ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు. దాన్ని పసిగట్టేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే మరో స్విచ్. ఫేజులో (కరెంటు వచ్చే తీగ) వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో (తిరిగి వెళ్లే తీగ) తిరిగి రాకపోతే రెప్పపాటులో ఆపేస్తుంది. దాని మీద 'టీ' అనే అక్షరంతో మీట ఉంటుంది. సరఫరా ఉండగా నెలకోసారి నొక్కాలి. పడకపోతే మార్చాల్సిందే.

వైరింగ్‌లో తరచూ జరిగే తప్పు ఒకటుంది. ఇన్వర్టర్ లైనుకూ మామూలు లైనుకూ న్యూట్రల్ ఒకటే లాగుతారు. దాంతో ఆర్‌సీసీబీ ఊరికే పడుతుంటుంది. పడీ పడీ విసుగొచ్చి దాన్ని తప్పించి డైరెక్టుగా కలిపేస్తారు. ఇంటివాళ్లకు ఆ సంగతే తెలియదు. ఇన్వర్టర్ లైనుకు న్యూట్రల్ విడిగా లాగించి, దానికి వేరే ఆర్‌సీసీబీ పెట్టించడమే సరైన పని. కుక్కకు మెడపట్టీ కొనే ముందు ఈ ఖర్చు పెట్టాలని మా గట్టి అభిప్రాయం. ఎంత మంచి ఆర్‌సీసీబీ ఉన్నా ఎర్త్ సరిగా ఉండాలి. కూలర్‌లో నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు ఊడదీయాలి.

ఆర్‌సీసీబీ కూడా కాపాడలేని సందర్భం ఉంది. మూడో నెల నుంచి ఆరు, ఏడు నెలల దాకా కుక్కపిల్లకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. చిగుళ్ల దురదకు ఏది దొరికితే అది కొరుకుతుంది. వైరు కొరికినప్పుడు ఫేజు, న్యూట్రల్ రెండూ నోట్లోనే కలిస్తే కరెంటు వెళ్లినంతా తిరిగి వచ్చేస్తుంది, ఆర్‌సీసీబీకి తేడా తెలియదు. ఫోను ఛార్జర్ సన్న తీగలో ఉండే కొద్ది వోల్టులతో అంత భయం లేదు. లాప్‌టాప్ ఛార్జర్‌లో గోడ నుంచి ఇటుకలాంటి డబ్బా దాకా ఉన్న వైరులో ఉండేది పూర్తి 230 వోల్టులు. దాన్ని, ఎక్స్‌టెన్షన్ బోర్డును నేల మీద వదలకండి. 20 మిల్లీమీటర్ల ఫ్లెక్సిబుల్ పైపును నిలువునా చీల్చి వైర్లు అందులో పెట్టి, గోడకు క్లిప్పులు కొట్టేస్తే చాలు. వాడనప్పుడు గోడ దగ్గరి స్విచ్ ఆపేయాలి. ఒకవేళ కొరికి పట్టుకుని బిగుసుకుపోతే ముట్టుకోకండి, ముందు మెయిన్ దించండి. తర్వాత బాగానే ఉన్నట్టు కనిపించినా నాలుక, పెదవుల మూలలు కాలాయేమో చూసి వైద్యుడికి చూపించండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి మొదలవుతుంది.

దోమల మందు మిషన్ల సంగతి వేరు. వాటిలో మందు పైరెత్రాయిడ్ జాతిది. కుక్కలు తట్టుకున్నంతగా పిల్లులు తట్టుకోలేవు, వాటి కాలేయం దాన్ని సరిగా విరవలేదు. చేపలకైతే అది విషం. అక్వేరియం ఉన్న గదిలో మిషన్ పెడితే, గాలి పంపు ఆ గాలినే పీల్చి తిన్నగా నీళ్లలోకి పంపిస్తుంది. ఆ గదిలో దోమతెర కట్టుకోండి, కిటికీకి జాలీ వేయించండి. కుక్క మెడ మీద వేసే గోమార్ల మందుల్లో కొన్నింట్లో అదే జాతికి చెందిన పెర్మెత్రిన్ గాఢంగా ఉంటుంది. దాన్ని పిల్లికి వేసినా, మందు ఆరకముందే ఆ కుక్కను పిల్లి నాకినా వణుకు, మూర్ఛలు వస్తాయి. రెండూ ఉన్న ఇంట్లో ఆ సీసా మీద రాసింది చదవకుండా కొనొద్దు. లవ్‌బర్డ్స్, బడ్జీలు పెంచేవారు ఎయిర్ ఫ్రయర్, నాన్‌స్టిక్ పెనం ఉన్న వంటింటికి పంజరాన్ని దూరంగా ఉంచండి. ఆ పూత అతిగా కాలితే వచ్చే పొగ మనకు వాసన కూడా తెలియకముందే పిట్టల ప్రాణం తీస్తుంది.

రిమోట్లలో, బరువు తూచే మిషన్లలో ఉండే రూపాయి బిళ్లంత లిథియం సెల్లు మింగితే గొంతులో ఇరుక్కుని, అరగంటలోపే ఆహారనాళాన్ని కాల్చడం మొదలుపెడుతుంది. వాంతి చేయించకండి, వచ్చేటప్పుడు ఇంకోసారి కాలుస్తుంది. వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. మిషన్ కొనేటప్పుడు సెల్లు మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి.

వేళకు మేత వదిలే ఆటోమేటిక్ ఫీడర్ మిషన్ వాడే దంపతులకు ఎదురయ్యేది కుక్క లావెక్కడం. ఆయన ఫోన్లో మీట నొక్కుతాడు, ఆవిడ వచ్చి గిన్నెలో వేస్తుంది. ఎవరు ఎప్పుడు పెట్టారో ఫ్రిజ్ మీద కాగితంలో రాసుకోవాలి. 'ఒక పోర్షన్' అంటే ఎన్ని గ్రాములో గింజ సైజును బట్టి మారుతుంది. పది పోర్షన్లు గిన్నెలోకి వదిలి, వంటింటి తూకంలో తూచి, పదితో భాగించండి. మేత బ్రాండు మార్చిన ప్రతిసారీ మళ్లీ తూచాలి. వానాకాలం గింజలు తేమకు మెత్తబడి గొట్టంలో అతుక్కుపోతాయి. డబ్బా నిండా పోయకుండా మూడు రోజులకు సరిపడానే వేసి, తేమ పీల్చే పొట్లం మార్చుతుండాలి. కరెంటు పోయినా తిరిగేలా బ్యాటరీలు వేసి ఉంచాలి.

తనంతట తాను ఊడ్చే రోబో మిషన్ను ఎవరూ లేనప్పుడు నడపకండి. కుక్కపిల్ల ఎక్కడైనా దొడ్డికి వెళ్లి ఉంటే అది ఇల్లంతా అలికేస్తుంది. ముందు వైపు తలుపున్న వాషింగ్ మిషన్‌ను బూజు పట్టకుండా కొంచెం తెరిచి ఉంచుతారు. పిల్లి అందులో దూరి పడుకుంటుంది. బట్టలు వేసే ముందు లోపల చెయ్యి పెట్టి చూడటం ఇద్దరూ అలవాటు చేసుకోవాలి.

పైన చెప్పిన వాటిలో ఎక్కువ పనులు ఇంటివాళ్లు చేసుకోగలిగినవే. ఒక్కటి మాత్రం మీ చేతిలో ఉంది. కరెంటు కోత కబురు పొద్దున వస్తే, అది చదివేసరికి ఒకరు బస్సులో ఉంటారు, ఇంకొకరు వంట మీద ఉంటారు. ముందురోజు వస్తే ఆ రాత్రే మాట్లాడుకుని ఒకరు సెలవు పెట్టుకోవచ్చు, కుక్కను చుట్టాలింట్లో దింపవచ్చు. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కార్యాలయాలు ఇచ్చే ప్రకటనలను దయచేసి ముందురోజే, మార్చి నుంచి జూన్ దాకా రోజూ ఒకే చోట, ఫీడర్ పేరుతోపాటు కాలనీల పేర్లు, ఏ గంట నుంచి ఏ గంట దాకా అన్నది స్పష్టంగా వేయండి. ఫీడర్ పేరు చెబితే తమ వీధి అందులో ఉందో లేదో చాలామందికి తెలియదు.

ఇట్లు,
పశువైద్యం, వైరింగ్ పనుల్లో ఉన్న దంపతులు,
రాజమహేంద్రవరం