నౌకలో అమ్మాయికీ పని చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పిల్లల పేజీలో వచ్చే సైన్స్ ఫిక్షన్ కథలను కత్తిరించి, మా స్కూలు లైబ్రరీలో ఫైలు చేసి పెడుతుంటాను. నేను హైస్కూలు పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను, లైబ్రరీ బాధ్యత కూడా నాదే. ఆ ఫైలు తిరగేస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. కథల్లో అమ్మాయిలు లేకపోలేదు, కాకపోతే అందరూ ప్రశ్నలు అడిగేవాళ్లే. "బ్లాక్ హోల్ అంటే ఏంటన్నయ్యా?" అని చెల్లెలు అడగడం, అన్నయ్య అరపేజీ జవాబు చెప్పడం. అది కాకుండా అంతరిక్ష నౌకలో ఇంకో ఆడగొంతు వినపడిందంటే అది రోబోదే!

ఈమధ్య ఇంకో రకం కథలు మొదలయ్యాయి. వీటిలో అమ్మాయే నాయిక. చివర్లో అందరూ చప్పట్లు కొట్టి, ఆడపిల్లలు ఎందులోనూ తీసిపోరని ఒక ఉపన్యాసం. ఇంతకీ ఆ అమ్మాయి చేసిందేమిటయ్యా అంటే, ఎర్ర బటన్ నొక్కింది. అది చదివి మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, "ఏ బటన్ నొక్కాలో ఆమెకెలా తెలిసింది టీచర్?" అంది. నాకు ఆ కథ కంటే ఈ ప్రశ్న నచ్చింది.

2020లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గాలి లీకైంది. జ్వెజ్దా అనే భాగంలోనని తెలిసింది గానీ పగులు ఎక్కడుందో దొరకలేదు. అక్కడి రష్యన్ వ్యోమగాములు ఒక టీ బ్యాగు చింపి, ఆకులను గాలిలో వదిలారు. అవి తేలుతూ తేలుతూ పగులు వైపు జరిగాయి. క్లాసులో ఇది చెప్తుంటే వెనక బెంచీ నుంచి, "మరి లోపల ఫ్యాన్లు తిరుగుతుంటే ఆకులు అటు పోవా?" అని ఒక అమ్మాయి అడిగింది. సరిగ్గా ఇక్కడే కథ ఉంది. నాయిక ఆకులు వదులుతుంది, అవి ఫ్యాను గాలికి తప్పుదారి పడతాయి. ఫ్యాన్లు ఆపేద్దామంటే ఇంకో చిక్కు. భారం తెలియని చోట వేడిగాలి పైకి లేవదు కాబట్టి, వదిలిన ఊపిరి ముఖం చుట్టూనే పేరుకుంటుంది, అందులోని కార్బన్ డయాక్సైడ్‌తో తలనొప్పి మొదలవుతుంది. ఎంతసేపు ఆపొచ్చో ఆమే లెక్క కట్టాలి. ఇంతకంటే టెన్షన్ ఏ గ్రహాంతరవాసి పెట్టగలడు?

మన కథల్లో వ్యోమగామి సూటు ఎవరికైనా అతికినట్టు సరిపోతుంది. నిజంలో అలా కాదు. 2019 మార్చిలో ఇద్దరు మహిళలు కలిసి చేయాల్సిన స్పేస్‌వాక్ కోసం, మీడియం సైజు సూటు పైభాగం ఒక్కటే సిద్ధంగా ఉండటంతో జట్టునే మార్చాల్సి వచ్చింది. చివరికి ఆ అక్టోబరులో నాసా వ్యోమగాములు క్రిస్టినా కోచ్, జెసికా మీర్ అంతరిక్ష కేంద్రం బయటికి వెళ్లి, పాడైన బ్యాటరీ చార్జింగ్ యూనిట్‌ను మార్చి వచ్చారు. సూటు సైజు మీద కూడా ఒక మంచి కథ రాయొచ్చు, ఎవరూ రాయరెందుకో.

ఇదంతా కొత్తగా కోరుతున్నదేమీ కాదు. 1905లోనే బెంగాలీ రచయిత్రి రొకెయా సఖావత్ హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్' అనే కథ రాశారు. అచ్చయింది అప్పట్లో మద్రాసు నుంచి వెలువడే మహిళా పత్రికలో. అందులో ఒక మహిళా విశ్వవిద్యాలయం వాళ్లు బెలూన్ కట్టి మేఘాల నుంచి నీళ్లు దించుకుంటారు. ఇంకో విశ్వవిద్యాలయం ఎండవేడిని పట్టి దాచే పరికరం కనిపెడుతుంది. ఆ వేడితోనే వంటలు, ఆ వేడితోనే శత్రుసైన్యాన్ని తరిమికొట్టడం! ఆడవాళ్ల గొప్ప గురించి ఉపన్యాసం ఇచ్చి ఊరుకోలేదావిడ, చేతికి పరికరాలు ఇచ్చారు.

కథలు ఎంపిక చేసే మీ సహచరులకు ఒక మనవి. అమ్మాయి పాత్రను తీసేసి చూడండి. కథ ఎక్కడా ఆగకుండా సాగిపోతుంటే రచయితకు తిప్పి పంపండి. బొమ్మలు వేసేవారు గులాబీ రంగు సూటు మానేసి, ఆమె చేతిలో ఒక స్పానర్ పెడితే బాగుంటుంది. టీ ఆకుల కథ ఎవరైనా రాసి పంపితే తప్పకుండా వేయండి. ఫ్యాన్ల సంగతి మాత్రం ఎగ్గొట్టొద్దని చెప్పండి, మా వెనక బెంచీ ఊరుకోదు.

ఇట్లు,
ఒక హైస్కూలు ఫిజిక్స్ టీచరు