శనివారం శాసనసభ అభ్యర్థితో ముఖాముఖి

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం.

ఇక్కడ అమెరికాలో మన డిస్ట్రిక్ట్ (నియోజకవర్గం) నుంచి రాష్ట్ర శాసనసభకు పోటీ చేస్తున్న అభ్యర్థి వచ్చే శనివారం సాయంత్రం 5 గంటలకు జూమ్‌లో మనతో గంటసేపు మాట్లాడతారు. శ్రామిక కుటుంబాలు, పబ్లిక్ (ప్రభుత్వ) స్కూళ్లే తన ప్రాధాన్యాలని ఆమె చెబుతున్నారు కనుక వాటి గురించే అడుగుదాం.

అమెరికాలో బడుల ఖర్చులో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం భరించేది చిన్న వాటాయే. మిగిలినది ప్రధానంగా రాష్ట్ర నిధుల నుంచి, స్థానిక ఆస్తి పన్నుల నుంచి వస్తుంది కాబట్టి, ఇళ్ల ధరలు తక్కువగా ఉన్న చోట చదివే పిల్లలకు కలిగే లోటును రాష్ట్రం ఎంతవరకు పూడ్చాలన్నది చాలావరకు శాసనసభ చేతిలోనే ఉంటుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. టీచర్ల జీతాలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సహాయకుల కొరత కూడా దీనితో ముడిపడినవే.

ఇక శ్రామిక కుటుంబాల విషయానికొస్తే, ఫెడరల్ కనీస వేతనం 2009లో గంటకు 7.25 డాలర్లకు చేరింది, ఆ తరువాత పెరగలేదు. రాష్ట్రాలు అంతకన్నా ఎక్కువ నిర్ణయించవచ్చు. జీతంతో కూడిన అనారోగ్య సెలవు సంగతీ అడగండి.

ప్రతి కుటుంబం గురువారం రాత్రిలోగా ఒక ప్రశ్న ఇక్కడే రాయండి. పౌరసత్వం ఉన్నవారు తమ ఓటరు నమోదులో ప్రస్తుత చిరునామా ఉందో లేదో చూసుకోండి. వీసాపై ఉన్నవారికి ఓటు లేదు, ఎన్నికల విరాళం ఇవ్వడం కూడా చట్టవిరుద్ధం. అయినా మన పిల్లలందరూ చదివేది ఆ బడులలోనే కనుక తప్పక వచ్చి ప్రశ్నించండి.

జూమ్ లింకు శనివారం ఉదయం పంపుతాను.