పేజీ మీద లైటు మచ్చలుగా పడటం ‘నార్మల్’ ఎలా అవుతుంది?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో ఈ-రీడర్ల (పుస్తకాలు చదువుకోవడానికే చేసిన ఎలక్ట్రానిక్ పలకల) గురించి వేసిన వ్యాసం చదివాను. ధర, బ్యాటరీ, ఎన్ని పుస్తకాలు పడతాయి, అన్నీ రాశారు గానీ రాత్రిపూట చదివేవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, లైటు పేజీ అంతటా సమంగా పడుతుందా లేదా అన్నది ఒక్క ముక్క కూడా రాయలేదు. మా మేనకోడలు ఇక్కడే తిరుపతిలో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతోంది. పక్క మంచం అమ్మాయి నిద్రపోయాక గదిలో లైటు వేయకుండా చదువుకోవచ్చని ఒకటి కొనుక్కుంది. చూస్తే పేజీ అడుగున వరసగా తెల్లటి మచ్చలు, మచ్చకీ మచ్చకీ మధ్య నీడ, ఎడమ మూల పసుపు, పైన కుడి మూల కాస్త నీలం. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే “అది నార్మలే మేడం, బ్రైట్‌నెస్ పెంచుకోండి మేడం” అన్నారట. పెంచింది, మచ్చలూ పెరిగాయి.

ఇది నార్మల్ ఎందుకు కాదో, అయినా ఎందుకు వస్తుందో కాస్త వివరంగా రాస్తాను, వేస్తారనే ఆశ.

ఈ-రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెర తనంతట తాను వెలగదు. లోపల తెల్లటి, నల్లటి రేణువులు పైకీ కిందకీ కదిలి అక్షరం కడతాయి, బయటి వెలుతురు వాటి మీద పడి తిరిగొస్తేనే మనకు కనబడుతుంది. అందుకే మన ఏప్రిల్ మధ్యాహ్నపు ఎండలో ఫోన్‌లో ఏమీ కనబడకపోయినా ఇందులో శుభ్రంగా చదువుకోవచ్చు. చిక్కంతా చీకట్లోనే. ఎల్‌సీడీ టీవీలో లైటు వెనక ఉంటుంది, మధ్యలో పాలరంగు షీట్లు పెట్టి హెచ్చుతగ్గులు కప్పేయవచ్చు. ఈ-రీడర్‌లో లైటు నడిచే పొర మన కంటికీ అక్షరానికీ మధ్యలో ఉంటుంది కాబట్టి అక్కడ మసక షీటు వేస్తే అక్షరమే మసకబారుతుంది. పొర తేటగా ఉండాలి, లైటు మాత్రం సమంగా పంచాలి, కష్టమంతా ఇదే.

తెర అంచున చిన్న చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి. వాటి లైటు పక్కనుంచి పలుచని ప్లాస్టిక్ పొరలోకి వెళ్తుంది. ఆ ప్లాస్టిక్ యాక్రిలిక్ అయితే వక్రీభవన గుణకం (లైటును ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.49 దాకా ఉంటుంది, బయట గాలి ఉంటే లంబానికి సుమారు 42 డిగ్రీలు దాటి తగిలిన కిరణం బయటికి పోలేక లోపలికే మళ్లుతుంది (సంపూర్ణాంతర పరావర్తనం, ఇంటర్ ఫిజిక్స్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిందే). ఆ లైటును కిందికి దించడానికి పొర మీద కంటికి ఆననంత చిన్న గుంటలు చేస్తారు, ఎల్‌ఈడీల దగ్గర పలచగా, దూరం పోయేకొద్దీ ఒత్తుగా. చిత్తూరు వైపు మామిడి తోటలో డ్రిప్ వేసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు: మోటారు దగ్గరి చెట్లకు నీళ్లు ఎక్కువ, కొస చెట్లకు తక్కువ, ఆ తేడా ముందే సర్దకపోతే తోట సమంగా తడవదు. పొరను తెరకు అతికించే జిగురు గుణకం కూడా పొర గుణకం కంటే తక్కువ ఉండాలి, లేదంటే లైటు కొసదాకా పోకముందే అంచులోనే కారిపోతుంది. లోపల ఒక్క దుమ్ము రేణువు ఇరుక్కున్నా అక్కడ చుక్క మెరుస్తుంది.

ఇక ఆ అడుగున మచ్చలు. ఒక్కో ఎల్‌ఈడీ లైటు విసనకర్రలా విచ్చుకుంటుంది, పక్కదానితో కలవడానికి కొంత దూరం కావాలి. ఆ దూరాన్ని ఫ్రేము కింద దాచేవాళ్లు, ఇప్పుడేమో సన్నటి అంచే ఫ్యాషన్ అంటూ దాచుకునే చోటే తగ్గించేస్తున్నారు!

ఈ తంటా కొత్తదేం కాదు. సోనీ 2008లో పీఆర్‌ఎస్-700 అనే ఈ-రీడర్‌కి పక్కల లైట్లు పెట్టి, వెలుగు సమంగా లేదనే విమర్శలు వచ్చాక, 2009 మోడళ్లలో లైటే తీసేసింది. 2012లో అమెజాన్ తెచ్చిన మొదటి కిండిల్ పేపర్‌వైట్ ఈ-రీడర్‌లో 4 ఎల్‌ఈడీలు ఉండేవి, అడుగున లైటు పూర్తిగా సమంగా ఉండదని ఆ కంపెనీయే అమ్మకం పేజీలో రాసుకుంది. కనీసం చెప్పింది, నాకు నచ్చింది అదే. 2021 పేపర్‌వైట్‌కి ఎల్‌ఈడీలు 17 అయ్యాయి. ఎల్‌ఈడీలు దగ్గర దగ్గరగా ఉంటే అంచు మచ్చలు తగ్గుతాయి, నిజమే, కానీ పొర మీద గుంటలు సరిగా లేకపోతే ఎన్ని పెట్టినా పేజీ ఒక పక్క డల్‌గానే ఉంటుంది. పైగా వెచ్చటి లైటు కోసం పసుపు ఎల్‌ఈడీలు కూడా కలుపుతున్నారు, అవి తెల్లవాటితో సరిగా కలవకపోతే రంగు మచ్చలు అదనం.

కాబట్టి పెట్టె మీద ఎల్‌ఈడీల లెక్క వేసి చేతులు దులుపుకుంటే కుదరదు. తెరను 9 చోట్ల కొలిచి, అతి తక్కువ వెలుగును అతి ఎక్కువ వెలుగుతో భాగిస్తే లైటు ఎంత సమంగా ఉందో శాతంలో వస్తుంది. డిస్‌ప్లే రంగంలో ఇది మామూలు కొలతే, మన రేణిగుంట, ఏర్పేడు వైపు స్క్రీన్ల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లను అడిగినా చెబుతారు. ఆ అంకె కొనేవాడికి ఎందుకు చెప్పరు? అది ఒక్కటే సరిపోదు కూడా. పేజీ మొత్తం మీద మెల్లగా తగ్గే వెలుగును కన్ను పెద్దగా పట్టించుకోదు, వేలెడు వెడల్పులో ఠక్కున మారితే మాత్రం వెంటనే పట్టేస్తుంది. అడుగు అంచున విడిగా కొలవాలి.

మీరు ఇకముందు ఇలాంటి వస్తువుల మీద రాస్తే ఈ చిన్న పరీక్ష కూడా వేయండి. రాత్రి గదిలో లైటు ఆర్పి, ఖాళీ పేజీ తెరిచి, బ్రైట్‌నెస్ సగంలో పెట్టి చూడాలి. తర్వాత దాన్ని తలకిందులుగా తిప్పాలి. మచ్చ తెరతోపాటు తిరిగితే లోపం వస్తువుది, ఉన్నచోటే ఉంటే కిటికీలోంచి వీధి దీపమో ఇంకోటో పడుతున్నట్టు. ఫోన్‌తో ఫొటో తీసి నమ్మొద్దు, కెమెరా తేడాను పెంచి చూపిస్తుంది. ఇదంతా కొన్న మొదటి రాత్రే చేసేయాలి, వాపసు గడువు కాస్తా దాటిపోతే ఆ తర్వాత మిగిలేది కస్టమర్ కేర్‌తో పంచాయితీనే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి