ఆఫ్‌సెట్ తేడాపై 41 రోజులుగా జవాబు ఇవ్వని మీ సేవా విభాగంపై ఫిర్యాదు

విజయవాడ

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: చెప్పిన ఆఫ్‌సెట్ కాకుండా వేరే అల్లాయ్ రిమ్ములు పంపి, అడిగితే తిప్పించుకోవడం గురించి.

అయ్యా,

నాది 2001 మోడల్ హోండా సిటీ. పాత ఇనుప రిమ్ములు తుప్పుపట్టడంతో మీ దగ్గర 14 అంగుళాల అల్లాయ్ రిమ్ములు నాలుగు తెప్పించుకున్నాను. పాత బండి కాబట్టి డబ్బు కట్టకముందే మీ ప్రతినిధితో మాట్లాడి, పాత రిమ్ము ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే కొలత, 45 మిల్లీమీటర్లని, మరీ తగ్గితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుందని చెప్పాను. ఆయన 38 పంపుతామన్నారు. బిల్లులోనూ 38 అనే ఉంది. వచ్చిన నాలుగింటి వెనుకా 25 అని ఉంది.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, అంతవరకే అయితే ఈ లేఖ రాసేవాణ్ని కాను. ఆ తర్వాత మీవాళ్లు నన్ను చూసిన తీరే నన్ను బాధపెట్టింది.

మొదట ఫోనెత్తిన అమ్మాయి, ఆఫ్‌సెట్ అంటే సైజే కదండీ, 14 అడిగారు, 14 వచ్చింది కదా అన్నారు. 14 అన్నది వ్యాసమని, ఆఫ్‌సెట్ అంటే రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడిమధ్య నుంచి హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగానికి) ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పే కొలత అని, నా బండి వంటి వాటికి ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుందని పది నిమిషాలు వివరించాను. రాసుకున్నానన్నారు. రెండు రోజుల తర్వాత చేస్తే వేరొకరు ఎత్తి, అసలు సమస్యేమిటో మొదటినుంచి చెప్పమన్నారు. అలా ఆరుగురికి ఆరుసార్లు చెప్పాను. వారిలో ఒకరు మీ మోడల్ మా జాబితాలో లేదు, బాధ్యత మాది కాదన్నారు. జాబితాలో లేని బండికి రిమ్ములు ఎందుకు అమ్మారని అడిగితే జవాబు లేదు. ఇంకొకరు 13 మిల్లీమీటర్లు ఏపాటి తేడా అన్నారు. ఆటోనగర్‌లో మా మెకానిక్ వెనుక చక్రం ఒక్కటి బిగించి, వెనుక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ దాటించగానే టైరు మడ్‌గార్డు అంచుకు ఒరుసుకుంది. ఆ తేడా ఏపాటిదో అక్కడే తెలిసింది.

మీ సాంకేతిక విభాగం వారైతే హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్లలు, 5 మిల్లీమీటర్ల స్పేసర్లు వేసుకోమన్నారు. స్పేసర్ చక్రాన్ని ఇంకా బయటికే నెడుతుంది, 25 కాస్తా 20తో సమానమవుతుంది. ఆ మాట చెప్పగానే ఫోను కట్టయింది. మరుసటి రోజు వచ్చిన సలహా, మడ్‌గార్డు అంచు లోపలికి మడిపించుకోమని. ఇన్నేళ్లుగా కంపెనీ రంగు చెదరకుండా కాపాడుకున్న రేకును మడిపిస్తే, రంగు పగిలిన చోట తుప్పు మొదలవుతుంది. మీ తప్పును దాచడానికి నా బండిని కొట్టించుకోవాలా? ఈలోగా నా ఫిర్యాదును రెండుసార్లు ‘పరిష్కారమైంది’ అని మూసేశారు. వెనుక ముద్రించిన అంకె ఫొటో పంపితే, ముందువైపు ఫొటో పంపమన్నారు. పంపాను. దానికీ జవాబు రాలేదు.

ఎనిమిదేళ్లుగా టైర్లన్నీ మీ దగ్గరే కొంటున్నాను. మా మేనల్లుడి బండికి రిమ్ములు మీ దగ్గరే ఇప్పించాను. నా మాట మీద మా వీధిలో మరో ముగ్గురు కొన్నారు. వాళ్లు ఎదురైనప్పుడల్లా మీ చక్రాలు బిగించారా అని అడుగుతున్నారు. నాకు తలవంపులుగా ఉంది.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ రెండు గడువులూ దాటిపోయాయి. తప్పు రిమ్ములను మీ ఖర్చుతో తీసుకెళ్లి 38 ఆఫ్‌సెట్‌వి పంపుతారో, డబ్బు తిరిగిస్తారో మీ ఇష్టం. అంతకంటే ముందు, ఈ వ్యవహారాన్ని చివరిదాకా చూసే ఒక్క మనిషి పేరు, నేరుగా మాట్లాడే నంబరు రాతపూర్వకంగా ఇవ్వండి. ఏడు రోజుల్లో అది రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ కేసు వేస్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము కూడా లేదు. మూడోసారి నా ఫిర్యాదు మూసేముందు మాత్రం నాకొకసారి ఫోను చేయండి.

ఇట్లు,
మీ పాత వినియోగదారుడు