ముగ్గురికీ ఒకే ఇన్‌హేలర్

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. ఇంట్లో పెద్దాడు, చిన్నది, నాన్నగారు ముగ్గురికీ ఉబ్బసమన్నావు, ముగ్గురికీ కలిపి ఫ్రిజ్ మీద ఒకటే ఆస్థాలిన్ ఇన్‌హేలర్. ఎవరికి ఆయాసమొస్తే వాళ్లు రెండు పఫ్‌లు కొట్టుకోవడం, తగ్గిందనుకోవడం. చిక్కంతా అక్కడే ఉందిరా.

ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. ఆయాసం లేని రోజున కూడా ఆ వాపు కొంత ఉంటుంది. ఆస్థాలిన్‌లో ఉండే సాల్బుటమాల్ గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని నాలుగు నుంచి ఆరు గంటలు వదులు చేస్తుంది, అంతే. వాపు జోలికి పోదు. పొంగుతున్న పాల మీద నీళ్లు చిలకరించినట్టు, మంట తగ్గించందే మళ్లీ పొంగుతాయి. ఆ మంట తగ్గించేది పీల్చే స్టెరాయిడ్, అంటే బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ లాంటివి. వాటి గుణం పూర్తిగా కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే మనవాళ్లు "ఏం పనిచేయట్లేదు" అని నాలుగో రోజే మానేస్తారు.

స్టెరాయిడ్ అనగానే చెల్లెమ్మ భయపడిందన్నావు. పీల్చే మందు ఒక్క పఫ్‌లో ఉండేది 100, 200 మైక్రోగ్రాములు. ఆయాసం ముదిరాక పెద్దవాళ్లకిచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర 40 మిల్లీగ్రాములంటే 40,000 మైక్రోగ్రాములు, అదీ ఒళ్లంతా తిరుగుతుంది. పిల్లల్లో పీల్చే స్టెరాయిడ్ వల్ల మొదటి ఒకటి రెండేళ్లలో ఎత్తు ఒక సెంటీమీటరు వరకూ తగ్గొచ్చు, ఆ తేడా ఏటేటా పెరుగుతూ పోదు. అదుపులో లేని ఉబ్బసం కూడా ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇక "అలవాటైపోతుంది" అన్న మాట పట్టించుకోకు. మానేస్తే జబ్బు మళ్లీ బయటపడుతుంది, దాన్ని చూసి అలవాటనుకుంటారు.

పెద్దాడికి పదమూడేళ్లు కదా. 2019 నుంచి అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు పన్నెండేళ్లు దాటినవాళ్లకు సాల్బుటమాల్ ఒక్కదానితో నెట్టుకురావద్దంటున్నాయి. బుడెసొనైడ్, ఫార్మొటెరాల్ (గొట్టాలను త్వరగా వదులు చేసే మందు) కలిసిన ఇన్‌హేలర్ ఒక్కటే రోజువారీ మందుగానూ, ఆయాసమొచ్చినప్పుడు ఆదుకునే మందుగానూ వాడే పద్ధతి ఉంది. డాక్టర్‌ని ఆ మాటే అడుగు. రోజుకు మొత్తం 12 పఫ్‌లు దాటకూడదు, అంత అవసరమైన రోజున ఎలాగూ ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఒక్క జాగ్రత్త: సాల్మెటెరాల్ ఉన్న సెరోఫ్లో లాంటివి ఇలా వాడకూడదు, అది నెమ్మదిగా పనిచేస్తుంది. పేర్లు దగ్గరగా ఉండటంతో మందుల షాపులో కలిపేస్తారు. వాడు స్కూల్లో నామోషీపడి ఇన్‌హేలర్ దాచుకుంటున్నాడంటే ఆశ్చర్యం లేదు. పీఈటీ సార్‌కి చెప్పి ఉంచు. క్రికెట్‌కి ముందు పది నిమిషాలు నెమ్మదిగా పరుగెడితే ఆటలో ఆయాసం తగ్గుతుంది. ఆట మాత్రం మాన్పించకు.

చిన్నదానికి మూడున్నరే. ఆ వయసులో ఊదుడు పరీక్షలు కుదరవు. జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలొచ్చే పిల్లలందరికీ ఉబ్బసం ఉంటుందనీ కాదు. జలుబు లేనప్పుడు, నవ్వినప్పుడు, పరుగెత్తినప్పుడు, రాత్రి నిద్రలో దగ్గు వస్తోందా అన్నది రాసిపెట్టుకుని చూపించు. దానికి మాస్కు ఉన్న స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే బోలు గొట్టం కావాలి. మాస్కు ముక్కునీ నోటినీ మూసి, చెంపలకు సందులేకుండా ఆనాలి. ఒక పఫ్ కొట్టి ఐదారు ఊపిర్లు తీయనివ్వు, తర్వాతే రెండో పఫ్. రెండూ ఒకేసారి కొడితే మందు గొట్టంలోనే అంటుకుంటుంది. ఏడుస్తున్నప్పుడు పెట్టినా లోపలికి సరిగా పోదు. నాలుగేళ్లు దాటాక, నోటితో పట్టుకోగలిగితే మాస్కు తీసేయొచ్చు.

చిన్నదానికి ఉబ్బసానికని తాగిస్తున్న ఆ మాంటెలుకాస్ట్ సిరప్ సంగతి: దాన్ని మొదలుపెట్టాక రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం, కారణం లేని చిరాకు కనపడ్డాయేమో చెల్లెమ్మని అడుగు. 2020లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి మార్పుల గురించే దీని మీద గట్టి హెచ్చరిక పెట్టింది. పైగా అది పీల్చే స్టెరాయిడ్‌కి సరితూగదు.

నాన్నగారి విషయం కొంచెం వేరు. ఏళ్ల తరబడి చుట్ట కాల్చిన మనిషి. అది ఉబ్బసమా, సీఓపీడీనా (పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతినే జబ్బు), రెండూనా అన్నది తేలాలి. స్పైరోమెట్రీ, అంటే ఊదించి చూసే పరీక్ష చేయించు. మందు పీల్చాక ఊదిన గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ పెరిగితే ఉబ్బసం వైపు మొగ్గుతుంది. గుండె బలహీనమైనా రాత్రిపూట ఇలాంటి ఆయాసమే వస్తుంది, అదీ చూడమను. నీటికాసులకి కంట్లో చుక్కలు వేస్తున్నారన్నావు, సీసా మీద టిమొలాల్ అని ఉందేమో చూడు. ఉంటే, కంట్లో చుక్కేగా అనుకోకు, అది ఊపిరి గొట్టాలను బిగించేయగలదు. సొంతంగా ఆపొద్దు, కంటి డాక్టర్‌కి చెప్పి మార్పించు. కీళ్లనొప్పుల మాత్రలు వేసుకున్న గంటా రెండు గంటల్లో ఆయాసం పెరుగుతోందా అన్నది కూడా గమనించు. ఊరి ఆర్‌ఎంపీ ఆయాసమొచ్చినప్పుడల్లా వేసే ఇంజెక్షన్ స్టెరాయిడే అయి ఉంటుంది. ఏడాదికి నాలుగైదు సార్లు అలా పడితే షుగరు, ఎముకలు, కళ్లు అన్నీ దెబ్బతింటాయి.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది, పీల్చే తీరు. చాలామందికి మందు పనిచేయకపోవడానికి కారణం ఇదే. నాన్నగారు నొక్కేది ముందూ, పీల్చేది తర్వాతా అయితే మందంతా నాలుక మీదే పడుతుంది. ఆయనకీ స్పేసర్ పెట్టు. డబ్బా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలేసి, నొక్కి, నాలుగైదు సెకన్లపాటు నెమ్మదిగా లోతుగా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. రోటాహేలర్ (క్యాప్సూల్‌లోని పొడి మందు పీల్చే పరికరం) అయితే తీరు తిరగబడుతుంది, అక్కడ వేగంగా, బలంగా పీల్చాలి. క్యాప్సూల్‌ని పారదర్శకంగా ఉన్న వైపు ముందుగా చతురస్రపు రంధ్రంలో పెట్టి, కింది భాగం తిప్పితే అది విడిపోయి పొడి రాలుతుంది. దానిలోకి ఊదకూడదు. కాకినాడ ఉక్కపోతలో తడి చేత్తో పట్టుకున్నా పొడి ముద్దకడుతుంది. పీల్చాక తెరిచి చూడు, పొడి మిగిలితే మళ్లీ పీల్చాలి. నమ్మవుగానీ, క్యాప్సూల్‌ని నీళ్లతో మింగేసేవాళ్లూ ఉన్నారు. స్టెరాయిడ్ ఏదైనా, పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే గొంతు బొంగురుపోతుంది, నాలుక మీద తెల్లపూత వస్తుంది.

స్పేసర్‌ని సబ్బునీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వు. తుడిస్తే స్థిర విద్యుత్ పుట్టి మందు గోడలకి అతుక్కుంటుంది. డబ్బా మీద ఎన్ని పఫ్‌లని రాసి ఉందో అన్నే లెక్క. అవి అయిపోయాక కూడా నొక్కితే పొగ వస్తుంది, మందుండదు. నీళ్లలో తేల్చి చూడటం నమ్మదగ్గ పరీక్ష కాదు. ఇంకో లెక్క: 200 పఫ్‌ల ఆస్థాలిన్ డబ్బాలు ఒక మనిషికి ఏడాదిలో మూడు ఖర్చయ్యాయంటే ఉబ్బసం అదుపులో లేదని అర్థం. మీ ఇంట్లో ఎవరి వాటా ఎంతో తెలియదు, అందుకే ఎవరిది వాళ్లకి పేరు రాసి పెట్టు.

పెద్దాడికీ నాన్నగారికీ ఒక పీక్ ఫ్లో మీటర్ కొను, ఎంత వేగంగా ఊదగలరో అది చూపిస్తుంది. నిలబడి మూడుసార్లు ఊది, ఎక్కువ వచ్చినదే రాయాలి. బాగున్న రోజుల్లో నాన్నగారికి 350 వస్తోందనుకో, 280 పైన ఉంటే సరే, దానికన్నా తగ్గితే జాగ్రత్తపడాలి, 175 కిందకి పోతే ఆసుపత్రే.

ఆయాసం ఎక్కువైతే: కూర్చోబెట్టు, పడుకోబెట్టకు. పెద్దాడికీ నాన్నగారికీ సాల్బుటమాల్ స్పేసర్‌తో విడివిడిగా నాలుగు పఫ్‌లు, తగ్గకపోతే 20 నిమిషాలకి మళ్లీ. చిన్నదానికి రెండేసి పఫ్‌లు. దానికి మొదటి రెండు గంటల్లో ఆరు పఫ్‌లు దాటి అవసరమైతే ఇక ఇంట్లో ఉంచకు. డొక్కలెగరేస్తున్నా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి మగతగా ఉన్నా లెక్కలు మాని 108కి ఫోన్ చెయ్యి, వచ్చేలోపు పఫ్‌లు ఇస్తూనే ఉండు. కూత ఆగిందని సంబరపడొద్దు, గాలే ఆడట్లేదని అర్థం. నెబ్యులైజర్ లేదని కంగారుపడకు, మరీ ముదరని ఆయాసానికి స్పేసర్ దానికేం తీసిపోదు. మరిగే నీళ్ల ఆవిరి మాత్రం పిల్లకి వద్దు, ఒళ్లు కాలడమే మిగులుతుంది.

ఇంట్లో దోమల చక్రం, సాంబ్రాణి, అగరొత్తులు ఆపేయండి. దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతికించు. దొడ్డివెనక వయ్యారిభామ పూత రాకముందే పీకించు, పీకే పని ఆ ముగ్గురికీ చెప్పకు.

మృగశిర కార్తెకి నాంపల్లి చేప ప్రసాదానికి తీసుకెళ్లమని నాన్నగారు పట్టుబడుతున్నారన్నావు. ఆయన నమ్మకం ఆయనది, వాదించకు. కానీ దానితో ఉబ్బసం పోతుందనడానికి రుజువు లేదు. ఇన్‌హేలర్ జేబులో పెట్టుకునే వెళ్లాలి, వచ్చాకా మానకూడదు. తొలకరి జలుబులు మొదలయ్యే రోజులవి. చిన్నదాన్ని ఆ తోపులాటలోకి తీసుకెళ్లి బతికున్న కొర్రమీను పిల్లని మింగించడం మాత్రం ససేమిరా వద్దు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న ఇన్‌హేలర్లూ, స్పేసర్, ఆ కంటి చుక్కలూ అన్నీ సంచిలో వేసుకెళ్లు. ముగ్గురి చేతా డాక్టర్ ఎదుట పీల్పించు. ఏం చెప్పారో రాయి.

నీ
మూర్తి