మచ్చ కనిపిస్తే ముందు దూది ఆనించి చూడండి

అందరికీ నమస్కారం. నిన్న ఓపీకి వచ్చినాయన ముంజేతి మీద పాలిపోయిన మచ్చకి ఏడాదిగా తామర క్రీములు, మధ్యమధ్య స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తున్నారు. కళ్లు మూసుకోమని దూది కొస ఆనిస్తే ఆయనకి తెలియలేదు. మోచేతి వెనక నరం తాడులా చేతికి తగిలింది. కుష్ఠు. ఇన్నాళ్లూ ఎవరూ ఆ మచ్చని ముట్టుకోలేదంటే మనసు చివుక్కుమంది. స్మియర్ (చర్మం గీరి బాక్టీరియా కోసం చూసే పరీక్ష) నెగెటివ్ అని మాత్రం వదిలేయకండి, మచ్చలు తక్కువున్న రకంలో అది మామూలే.

అలాగే, చేపల తొట్టె కడిగేవారి వేళ్ల మీద మానని గడ్డలుంటే బయాప్సీ ముక్క మొత్తం, నిలవ ఉంచే ద్రవమైన ఫార్మలిన్‌లో వేసేయకండి, కల్చర్‌కి, అంటే క్రిముల్ని పెంచి చూసే పరీక్షకి, పనికిరాదు. నీళ్లలో ఉండే మైకోబాక్టీరియం మరైనమ్ అనే బాక్టీరియా అనుమానమని ఫారం మీద రాయండి. అది 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, 37లో పెడితే దొరక్కపోవచ్చు.

మందుల సంగతి. కుష్ఠుకి వాడే డాప్సోన్‌కి ముందు జీ6పీడీ (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైమ్) పరీక్ష చేయించండి. మొదటి రెండు నెలల్లో జ్వరం, దద్దుర్లు వస్తే మాత్ర ఆపేసి వెంటనే రమ్మనండి. సోరియాసిస్‌కి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. ఏ రోజో చీటీ మీద పేరు పెట్టి రాయండి, పేషెంట్ చేత చెప్పించుకోండి. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది.