పరుగు నేర్పారు సరే, 'దాహినే ముడ్' ఎవరు నేర్పుతారు?

సంపాదకులకు నమస్కారం.

మా వీధి కుర్రాడొకడు సైన్యంలో అగ్నివీర్‌గా ఎంపికై ఉత్తరాదిలో శిక్షణకు వెళ్లాడు. రెండో ఆదివారం ఫోను చేతికివ్వగానే తల్లితో అన్నది ఒక్కటే మాట: "అమ్మా, వచ్చేస్తాను." నేను మాజీ హవల్దార్‌నని ఆమె ఏడుస్తూ మా ఇంటికొచ్చింది. "కొడుతున్నారేమో కనుక్కోండి బాబూ" అంది.

మరుసటి ఆదివారం వాడితో మాట్లాడాను. ఎవరూ కొట్టలేదు. ఉస్తాద్ (శిక్షకుడు) హిందీలో 'దాహినే ముడ్' (కుడికి తిరుగు) అంటే వీడు ఎడమకు తిరిగాడు. ఆ తప్పుకు ప్లటూన్ అంతా మట్టిలో ఫ్రంట్ రోల్స్ చేసింది. ఆ రాత్రి బ్యారక్‌లో ఒక్కడూ వీడిని పలకరించలేదు. ఒళ్లు నొప్పులు ఓర్చుకున్నాడు గానీ, అది ఓర్చుకోలేకపోయాడు.

1986లో నాసిక్ రోడ్ ఆర్టిలరీ సెంటర్‌లో నాదీ ఇదే అవస్థ. పక్కవాడి భుజం ఎటు కదిలితే అటు తిరిగేవాడిని. అందుకే ఎప్పుడూ అరక్షణం వెనక.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ మైదానం చూసినా తెల్లవారకముందే కుర్రాళ్లు పరుగెడుతుంటారు. వేలకు వేలు తీసుకునే అకాడమీలు నేర్పేది 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్‌అప్‌లు, తొమ్మిదడుగుల గొయ్యి దూకడం, రాతపరీక్ష. ఆ పరీక్ష ఇప్పుడు తెలుగులోనూ రాయవచ్చు, సంతోషం. పరేడ్ మైదానంలో మాత్రం ఆజ్ఞలన్నీ హిందీలోనే. పైగా మాకు తడబడి సర్దుకునే తీరిక ఉండేది. వీళ్లకున్నది శిక్షణతో కలిపి నాలుగేళ్లే, ఆపైన కొనసాగేది 25 శాతానికి మించరు.

ఎంపిక జాబితా వచ్చాక రైలెక్కేలోగా దొరికే వ్యవధిలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు పది రోజుల తరగతులు పెట్టాలి. చెప్పడానికి మాలాంటి విశ్రాంత సైనికులం ఊరూరా ఉన్నాం. జీతం అడగం, టీ పోస్తే చాలు. హిందీ ఆజ్ఞలు, రైఫిల్ భాగాల పేర్లు చెబుతాం. బూట్లతో నడిపిస్తాం, ఎందుకంటే స్పోర్ట్స్ షూకు అలవాటుపడ్డ పాదం అక్కడ మొదటి వారమే బొబ్బలెక్కుతుంది. పడక సర్దుకోవడం, తన బట్టలు తానే ఉతుక్కోవడం కూడా నేర్పాలి. ఈ చివరి పాఠానికి తల్లులను కూడా కూర్చోబెట్టాలి!

మా వీధి కుర్రాడికి ఫోనులోనే ఒక కిటుకు చెప్పాను: దాహినే అంటే అన్నం తినే చెయ్యి. మొన్న ఆదివారం వాడి ఫిర్యాదంతా రొట్టెల మీదేనట. పార్సిల్‌లో ఆవకాయ పంపవచ్చా అని వాళ్లమ్మ అడుగుతోంది.

— ఒక విశ్రాంత హవల్దార్, శ్రీకాకుళం జిల్లా